ఆపరేషన్ల ప్లాన్ జిల్లా నుంచి రాయడం ఎలా: పాత ప్రకాశం లెక్కలతో

"మా ఆసుపత్రికి ఆపరేషన్ల ప్లాన్ రాసివ్వమన్నారు సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ మధ్య ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. అడిగేవాళ్లలో కొత్తగా సూపరింటెండెంట్ కుర్చీలోకి వచ్చిన డాక్టర్లుంటారు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యులుంటారు, అప్పుడప్పుడు ఎంపీపీలూ ఉంటారు. చాలామంది అప్పటికే ఒక పని చేసేసి ఉంటారు. కావలసిన యంత్రాల జాబితా రాసి, కింద సంతకం పెట్టి, పైకి పంపేసి ఉంటారు. అది ప్లాన్ కాదు, ఇండెంటు.

వైద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. అందుకని మన దేశంలో జాతీయ ప్రణాళిక అనేది ఢిల్లీలో కూర్చుని పైనుంచి కిందికి రాసేది కాదు. జిల్లా ఆరోగ్య కార్యాచరణ ప్రణాళిక రాష్ట్రానికి వెళ్తుంది, అక్కడ అన్ని జిల్లాలవీ కలిపి నేషనల్ హెల్త్ మిషన్ కింద ఒక పీఐపీ (కార్యక్రమాల అమలు ప్రణాళిక) అవుతుంది, దాని మీద కేంద్రం డబ్బు మంజూరు చేస్తుంది. ఒంగోలులో రాయని గండి ఢిల్లీలో కనపడదు. కాబట్టి రాసేదేదో సరిగ్గా రాద్దాం.

ఈ పద్ధతికి ఒక మండలానికి రెండు వారాలు, జిల్లాకు మూడు నెలలు పడుతుంది. అంతకన్నా త్వరగా అయిందంటే ఎక్కడో కాపీ కొట్టారన్నమాట.

## 1. యంత్రాలు పక్కన పెట్టి మూడు ఆపరేషన్లు రాయండి

తెల్ల కాగితం తీసుకుని మూడు పేర్లు రాయండి.

- సిజేరియన్
- పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ (లాపరాటమీ)
- ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిన ఫ్రాక్చర్‌కు చికిత్స

2015లో ప్రపంచవ్యాప్త శస్త్రచికిత్సల మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఈ మూడింటినే కొలబద్దగా పెట్టింది. ఎందుకో తెలిస్తే ప్లాన్ సగం అర్థమైనట్టే. సిజేరియన్ చేయగలిగిన చోట మత్తు, రక్తం, పసిబిడ్డను చూసుకునే ఏర్పాటు ఉండి తీరాలి. పొట్ట తెరవాలంటే పూర్తి మత్తు, సక్షన్ (రక్తం, ద్రవాలు పీల్చే యంత్రం), ఆపరేషన్ తర్వాత రాత్రంతా కనిపెట్టి చూసే నర్సు కావాలి. ఓపెన్ ఫ్రాక్చర్‌కు ఎక్స్‌రే, గాయం కడిగే ఏర్పాటు, ఎముకల డాక్టర్ కావాలి. ఈ మూడూ చేస్తున్న ఆసుపత్రి మిగతా అత్యవసర కేసులు చాలావాటిని మోయగలదు.

ఇప్పుడు మీ పరిధిలోని ప్రతి ఆసుపత్రికీ తొమ్మిది గళ్లు గీయండి. అడ్డంగా మూడు ఆపరేషన్లు, నిలువుగా పగలు, రాత్రి, ఆదివారం. ప్రతి గడిలో "చేస్తాం" లేదా "పంపేస్తాం" అని రాయాలి. మూడో జవాబు ఒకటి తప్పకుండా వస్తుంది, "డాక్టరుంటే చేస్తాం" అని. దాన్ని "పంపేస్తాం" కిందే వేయండి. ఇక్కడ మొహమాటపడితే ప్లాన్ అంతా తప్పుడు లెక్క మీద నిలబడుతుంది.

మన వైపు మూడో ఆపరేషన్‌ను చిన్నచూపు చూసే అలవాటుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, 16వ నంబరు జాతీయ రహదారి, మిరపకోతలకు కూలీలతో వెళ్లే ట్రాక్టర్లు... ఇవన్నీ ఉన్న చోట కాన్పుల గది ఒక్కటి బాగుంటే చాలదు.

## 2. జిల్లా గీత వదిలేసి రోగి వెళ్లే దారి గీయండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా హద్దులు మారుతూ వచ్చాయి. కడుపునొప్పికి మాత్రం హద్దులు తెలియవు. గిద్దలూరు నుంచి ఒంగోలు 140 కిలోమీటర్లకు అటూఇటూ. అదే నల్లమల ఘాట్ దాటితే నంద్యాల అందులో సగం దూరమే. అక్కడివాళ్లు ఎటు వెళ్తారో మీరే చెప్పండి. యర్రగొండపాలెం వైపు వాళ్లకు నరసరావుపేట, గుంటూరు అలవాటు. పామూరు మనిషి నెల్లూరు బస్సెక్కుతాడు.

కాబట్టి మ్యాపు మీద జిల్లా సరిహద్దు కాదు, రెండు గంటల గీత గీయాలి. ఈ రెండు గంటలు ఊరికే పెట్టింది కాదు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం సుమారు రెండు గంటల్లో ప్రాణం తీస్తుంది. 2030 నాటికి కనీసం 80 శాతం జనాభా ఈ మూడు ఆపరేషన్లు చేసే చోటికి రెండు గంటల్లోపు చేరగలగాలన్నది లాన్సెట్ కమిషన్ పెట్టిన లక్ష్యం.

ఎక్కువమంది ఇక్కడ గూగుల్ మ్యాప్ చూసి కారు ప్రయాణం లెక్కేస్తారు. అది తప్పు. లెక్క ఇలా వేయండి:

1. 108కి ఫోన్ చేసినప్పటి నుంచి బండి ఇంటి ముందుకొచ్చే దాకా.
2. బండి కదిలినప్పటి నుంచి ఆసుపత్రి గేటు దాకా.
3. గేటు నుంచి థియేటర్ టేబుల్ దాకా.

దోర్నాల దగ్గర ఒక గూడెం అనుకోండి. బండి రావడానికి 30 నిమిషాలు, మార్కాపురం చేరడానికి 50, గేటు నుంచి టేబుల్‌కు 45. మొత్తం రెండు గంటల ఐదు నిమిషాలు. రోడ్డు మీద పోయింది 50 నిమిషాలే. మిగతా గంటా పావు బండి కోసం, థియేటర్ కోసం ఎదురుచూపులోనే పోయింది. రోడ్డు వెడల్పు చేసినా ఆ గంటా పావు తగ్గదు. పైగా అక్కడి నుంచి "ఒంగోలు తీసుకెళ్లండి" అన్నారంటే ఇంకో వంద కిలోమీటర్లు, గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సమయాలు ఆఫీసులో దొరకవు. 108 పైలట్లను అడగండి. ఏ ఊరి దగ్గర వాగు పొంగితే బండి ఆగుతుందో, ఏ తండాకు సిగ్నల్ లేదో వాళ్లకు నోటికొచ్చు. మండలానికి ఐదు ఊళ్లు ఎంచుకోండి. వాటిలో రెండు మరీ లోపలివి కావాలి. ప్రతి ఊరికీ పగటి లెక్క, రాత్రి లెక్క విడిగా రాయండి.

## 3. థియేటర్ రిజిస్టర్ ముందు కూర్చోండి

ప్లాన్‌కు ప్రాణం ఇక్కడుంది. గడిచిన 12 నెలల థియేటర్ రిజిస్టర్, రిఫరల్ రిజిస్టర్ రెండూ తెప్పించుకోండి. హెచ్‌ఎంఐఎస్ (ప్రభుత్వ ఆరోగ్య లెక్కల) పోర్టల్‌కు నెలనెలా వెళ్లే అంకెలు తర్వాత చూద్దాం. అవి ఈ పుస్తకాల నుంచి పుట్టినవే, దారిలో కొంచెం అందంగా తయారై ఉంటాయి.

ఒక ఆసుపత్రిలో నేను చూసిన రిజిస్టర్ చెబుతాను, పేరు వద్దు. మొదలుపెట్టిన టైమ్ అనే గడిలో మూడు నెలల పాటు ప్రతి కేసుకూ 9.30 అనే ఉంది. ఒకే సిరా, ఒకే చేతిరాత. నెలాఖరున ఒక్కసారే కూర్చుని నింపారని చూడగానే తెలిసిపోతుంది. ఫలితం అన్న గడిలో అందరికీ "గుడ్". అందులో ఒకామెకు ఆపరేషన్ జరిగిన నాలుగో రోజు ఇంకో ఆసుపత్రిలో మళ్లీ కుట్లు వేశారని నాకు విడిగా తెలుసు. సిస్టర్‌ను తప్పుపట్టలేదు. రెండు వార్డులూ, కాన్పుల గదీ ఆమె ఒక్కరే చూస్తున్నారు.

రిజిస్టర్ నుంచి తీయాల్సినవి ఇవి:

- మొత్తం ఆపరేషన్లు, అందులో పెద్దవెన్ని, చిన్నవెన్ని
- సాయంత్రం 6 నుంచి పొద్దున 6 మధ్య జరిగినవెన్ని
- మత్తు ఇచ్చినది ఎవరు: సొంత డాక్టరా, బయటి నుంచి పిలిచినవారా
- ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలోనే చనిపోయినవారెందరు
- తారీఖు వేసి వాయిదా వేసినవెన్ని, ఎందుకు

రిఫరల్ కాగితాల మీద కారణం దగ్గర ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: "మెరుగైన చికిత్స కోసం". దాన్ని అలాగే తీసుకోకండి. ప్రతి కేసు గురించీ డ్యూటీలో ఉన్నవారిని అడిగి ఆరు కారణాల్లో ఒకటి వేయండి: సర్జన్ లేరు, మత్తు డాక్టర్ లేరు, రక్తం లేదు, పరికరం లేదా కరెంటు లేదు, రోగి తరఫువాళ్లే అడిగారు, నిజంగానే కేసు మన స్థాయికి మించింది. ఈ ఆరింటినీ లెక్కపెడితే మీ ఆసుపత్రి జబ్బు ఏమిటో అక్కడే బయటపడుతుంది. నేను చూసిన చోట్ల ఎక్కువసార్లు మొదటి స్థానం రెండో కారణానిదే.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆపరేషన్ల సంఖ్య ఎక్కువ ఉంటే సేవలు బాగున్నాయనుకోవద్దు. మన రాష్ట్రంలో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 42 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. దానికి ముందు సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దాదాపు 9 శాతం, దేశంలోనే ఎక్కువ. ఈ రెండూ కలిపి మొత్తం సంఖ్యను ఉబ్బిస్తాయి. పేగు చిల్లుపడ్డ మనిషికి రాత్రిపూట ఆపరేషన్ జరగలేదన్న సంగతి ఆ ఉబ్బులో కనపడదు. అందుకే లెక్క ఆపరేషన్ వారీగా విడదీయాలి, మొత్తం ఒక్కటే చూపించకూడదు.

## 4. రాత్రి రెండింటికి వెళ్లి చూడండి

సూపరింటెండెంట్‌కు ముందే చెప్పండి, తారీఖు మాత్రం చెప్పకండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని డ్యూటీ సిస్టర్‌తో అనండి: "ఇప్పుడు సిజేరియన్ కేసు వచ్చిందనుకుందాం, కానివ్వండి."

ఒక్కో పని ఎన్ని నిమిషాలకు అయిందో రాయండి.

- థియేటర్ తాళం ఎవరి దగ్గరుంది, వచ్చేసరికి ఎంతసేపు
- సర్జన్, మత్తు డాక్టర్ ఫోన్ ఎత్తడానికి ఎంత, గేటు దగ్గరకు రావడానికి ఎంత
- రక్తం గ్రూపు చూసి సరిపోల్చేవారున్నారా
- మెయిన్ ఆపితే జనరేటర్ ఎన్ని సెకన్లకు అందుకుంది
- లైటు, సక్షన్, పల్స్ ఆక్సీమీటర్ మూడూ ఒకేసారి పనిచేస్తున్నాయా
- స్టెరిలైజ్ చేసిన సెట్టు సిద్ధంగా ఉందా, మీద తారీఖు ఏముంది

అత్యవసర సిజేరియన్‌కు నిర్ణయం తీసుకున్న తర్వాత 30 నిమిషాల్లో కోత పడాలన్నది వాడుకలో ఉన్న కొలత. మీ చోట గంటన్నర వస్తే గంటన్నర అనే రాయండి.

ఒకసారి ఇలాంటి పరీక్షలోనే అన్నీ బాగున్నాయి, ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంది, తెరిచే కీ లేదు. పగటి షిఫ్ట్ అటెండర్ జేబులో ఇంటికెళ్లిపోయింది. ఇరవై నిమిషాలు వెతికాం. మర్నాడు ఎవరో ఆ కీని బ్యాండేజీ గుడ్డతో సిలిండర్ మెడకే కట్టేశారు. ఖర్చు సున్నా. ఇండెంటులో ఇలాంటివి ఎప్పటికీ రావు.

## 5. మత్తు డాక్టర్ చిక్కు ముందు విప్పండి

సర్జన్ దొరుకుతారు, గైనకాలజిస్ట్ దొరుకుతారు. పడమటి మండలాల్లో నిలవనిది మత్తు డాక్టరే. ఈ ఒక్క పోస్టు ఖాళీగా ఉంటే మిగతా ఇద్దరి జీతమూ సగం వృథా. కాబట్టి ప్లాన్‌లో దీనికి విడిగా ఒక పేజీ ఇవ్వండి, ఈ వరుసలో ఆలోచించండి.

మొదటిది, ఉన్నవారిని సర్దడం. నాలుగు ఆసుపత్రుల్లో ఒక్కొక్కరు ఉంటే నాలుగు చోట్లా రాత్రులు ఖాళీయే. ఒక్కరు నెలలో 30 రాత్రులు కాల్ మీద ఉండలేరు కదా. నలుగురిని ఒకే చోట పెడితే ఒక్కొక్కరికి వారానికి రెండు రాత్రులు పడతాయి, ఆ ఆసుపత్రి 24 గంటలూ నడుస్తుంది. మా ఊరి పోస్టు తీసేశారని గొడవ వస్తుంది, తప్పదు. నా అభిప్రాయం అడిగితే, సగం సగం నడిచే నాలుగు థియేటర్ల కన్నా పూర్తిగా నడిచే ఒక్కటి మేలు.

రెండోది, పీజీ డాక్టర్లు. మెడికల్ కాలేజీల్లో ఎండీ, ఎంఎస్ చదివేవారు జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలి. ఒంగోలులో, నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మత్తు విభాగం పీజీలను వరుసగా పంపేలా ఏడాది క్యాలెండర్ అడగండి. పర్యవేక్షించే సీనియర్ ఎవరో అందులోనే రాయాలి. ఒంటరిగా వదిలేయకూడదు.

మూడోది, ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రాణరక్షక మత్తు నైపుణ్యాల శిక్షణ. కాన్పు అత్యవసరాల కోసం పెట్టింది ఇది. శిక్షణ పొందినవారిని మర్నెలే వేరే పీహెచ్‌సీకి బదిలీ చేస్తే ఆ శిక్షణంతా గాలికి పోయినట్టే. "శిక్షణ తర్వాత మూడేళ్లు అక్కడే" అని ప్లాన్‌లో షరతు రాయండి.

నాలుగోది, కేసుకింత అని ప్రైవేటు డాక్టర్‌ను పిలవడం. పనికొస్తుంది గానీ రాత్రిపూట ఫోన్ ఎత్తరు. బిల్లు నెలలు ఆలస్యమైతే పగలూ ఎత్తరు.

## 6. రక్తం, ఆక్సిజన్, ఆటోక్లేవ్

రక్తం. ప్రతి ఆసుపత్రికీ బ్లడ్ బ్యాంకు అడగొద్దు, రాదు. అడగాల్సింది రక్త నిల్వ కేంద్రం. దానికి ఒక తల్లి బ్లడ్ బ్యాంకు ఉంటుంది, అక్కడ పరీక్షించిన యూనిట్లు తెచ్చి ఇక్కడ 2-6 డిగ్రీల మధ్య దాచుతారు. ప్లాన్‌లో నాలుగు సంగతులు రాయాలి: తల్లి బ్యాంకు ఏది, వారానికి ఎన్నిసార్లు ఎవరు తెస్తారు, ఏ గ్రూపు ఎన్ని యూనిట్లు, గడువు దగ్గరపడ్డవి ఎక్కడికి తిప్పి పంపాలి. మామూలు సంచిలో పూర్తి రక్తం నిల్వ ఉండేది 35 రోజులే. ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత రాసే చార్టు తగిలించండి. పెరుగన్నం డబ్బాలు అందులో పెడుతున్నారేమో కూడా చూడండి, చూశాను కాబట్టి చెబుతున్నా.

ఆక్సిజన్. "సిలిండర్లున్నాయి" అనేది లెక్క కాదు. పెద్ద డి టైప్ సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లుంటుంది. నిమిషానికి 5 లీటర్లు వాడితే దాదాపు 23 గంటలు. చిన్న బి టైప్‌లో సుమారు 1,500 లీటర్లు, అదే వాడకానికి 5 గంటలు. మీ వార్డులో ఒకేసారి ఎంతమందికి కావాలో దానితో ఈ వాడకాన్ని గుణించి, నింపే చోటు నుంచి బండి రావడానికి పట్టే రోజులకు సరిపోయేలా లెక్కేయండి. కోవిడ్ కాలంలో పెట్టిన ప్లాంటు ఉంటే అది నడుస్తోందా, మరమ్మతు ఒప్పందం ఎప్పటిదాకా అన్నది తేల్చుకోండి.

ఆటోక్లేవ్, అంటే ఆవిరితో పరికరాలు శుద్ధి చేసే యంత్రం. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, గుడ్డ మూటలకు 30 నిమిషాలు. మూట మీది టేపు రంగు మారిందో లేదో చూడాలి. రోజుకు ఐదు కేసులు చేస్తామంటూ సిజేరియన్ సెట్లు రెండే ఉన్నాయంటే, మూడో కేసు నుంచి కాగితం మీదే జరుగుతుంది.

## 7. జిల్లా పెద్ద లెక్క

పైవాళ్లు అడిగేది ఈ లెక్కే కాబట్టి వేసి పెట్టుకోండి. 2011 జనగణన ప్రకారం పాత ప్రకాశం జనాభా సుమారు 34 లక్షలు.

- లక్ష జనాభాకు ఏడాదికి 5,000 ఆపరేషన్లు: 34 × 5,000 = 1,70,000
- లక్షకు 20 మంది సర్జన్లు, మత్తు డాక్టర్లు, గైనకాలజిస్టులు కలిపి: 34 × 20 = 680

ఇవి 2030 నాటికని పెట్టిన ప్రపంచ స్థాయి లక్ష్యాలు. ప్రైవేటు ఆసుపత్రులను కూడా కలిపి లెక్కించాలి. ప్రభుత్వానివే లెక్కేస్తే గండి మరీ పెద్దదిగా కనిపిస్తుంది. ప్రైవేటువాళ్లు రిజిస్టర్ చూపించరు. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద అనుమతి పొందిన కేసుల జాబితా జిల్లా కోఆర్డినేటర్ దగ్గరుంటుంది, కనీసం అది తీసుకోండి.

680 మంది కావాల్సిన చోట ఇప్పుడున్నవారిలో ఎంతమంది ఒంగోలు ట్రంకు రోడ్డు చుట్టుపక్కలే ఉన్నారో, ఎంతమంది పొదిలి దాటి పడమర ఉన్నారో విడగొట్టి చూపించండి. జిల్లా సగటు కన్నా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కలెక్టర్‌కు త్వరగా అర్థమవుతుంది.

## 8. రోగి జేబు లెక్క

అందరికీ ఆరోగ్యం అంటే ఆపరేషన్ దొరకడమే కాదు, దానివల్ల ఇల్లు గుల్ల కాకపోవడం కూడా. ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, ఆయుష్మాన్ భారత్ ఉంది, 108 ఉచితం. అయినా మనుషులు అప్పు చేస్తున్నారు. ఎక్కడ చేస్తున్నారో ప్లాన్ రాసేవారు అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషన్ అయిన 20 కుటుంబాల దగ్గరికి ఆశా కార్యకర్తను తోడు తీసుకుని వెళ్లండి. "ఎంత ఖర్చయింది" అని అడిగితే "ఫ్రీగానే చేశారండీ" అంటారు. అలా అడగొద్దు. విడివిడిగా అడగండి:

- ఆసుపత్రికి ముందు ఆర్‌ఎంపీకి, స్కానింగ్‌కు ఎంత
- పోనూ రానూ ఆటో, కారు
- తోడు ఉన్నవాళ్ల తిండి, బస
- బయట కొనమన్న మందులు, రాడ్లు, ప్లేట్లు
- రక్తం కోసం
- రోగికీ, తోడున్నవారికీ పోయిన కూలి రోజులు
- అప్పు చేస్తే ఎవరి దగ్గర, నూటికెంత

ఏడాది సంపాదనలో పదో వంతు దాటితే దాన్ని తట్టుకోలేని ఖర్చు కింద రాయండి. ఏడాదికి 1,20,000 వచ్చే ఇంటికి ఆ గీత 12,000 దగ్గర. ఒంగోలులో పది రోజులు ఇద్దరు మకాం వేస్తే అది దాటడానికి ఆపరేషన్ బిల్లు అక్కర్లేదు, ఆటోలు, హోటల్ భోజనం, పోయిన కూలి చాలు. అందుకే మార్కాపురంలోనో కనిగిరిలోనో చేయగలిగే ఆపరేషన్ అక్కడే జరగడం కూడా డబ్బు సాయమే. ఈ వాక్యాన్ని మీ ప్లాన్ డబ్బు భాగంలో ధైర్యంగా రాసుకోండి.

## 9. ఆరు భాగాల్లో సర్ది, సరైన బల్ల మీద పెట్టండి

జాతీయ స్థాయి శస్త్రచికిత్స ప్రణాళికలకు ఆరు భాగాల అచ్చు ఉంది: వసతులు, మనుషులు, సేవలు, సమాచారం, డబ్బు, పాలన. ఇప్పటిదాకా పోగుచేసినదంతా అందులో సర్దండి. ప్రతి అడుగుకూ ఎవరు, ఎప్పటికి, ఎంత ఖర్చు, అయిందని ఎలా తెలుస్తుంది అనే నాలుగు గళ్లు తప్పనిసరి. "ఎవరు" దగ్గర శాఖ పేరు రాయకండి, హోదా రాయండి.

పాలన దగ్గరే ఎక్కువ ప్లాన్లు చచ్చిపోతాయి. పీహెచ్‌సీలు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కింద, ఏరియా ఆసుపత్రులు, సీహెచ్‌సీలు డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి) కింద, ఒంగోలు పెద్దాసుపత్రి వైద్య విద్య శాఖ కింద. పరికరాల కొనుగోలు మళ్లీ వేరే కార్పొరేషన్. రోగి ఒకే రాత్రి ఈ మూడింటి గుండా పోతాడు, ఫైలు మాత్రం ఒక్కదాంట్లోనే తిరుగుతుంది. ముగ్గురూ కలిసి కూర్చునే చోటు కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా ఆరోగ్య సంఘం సమావేశం. మీ ప్లాన్ అక్కడ ఎజెండాలో పడాలి, విడిగా ఎవరి టపాలోనో కాదు.

ఖర్చును మూడుగా చీల్చండి. సున్నా ఖర్చువి (కీ కట్టడం, కాల్ పట్టిక, రిజిస్టర్ మార్పు) ఈ నెలలోనే. చిన్న ఖర్చువి ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతో, వైద్యసేవ కేసుల మీద ఆసుపత్రికి వచ్చే సొమ్ముతో. పెద్దవి మాత్రమే పీఐపీకి. అన్నీ కలిపి పైకి పంపితే సున్నా ఖర్చువి కూడా మంజూరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

## 10. పదేపదే జరిగే తప్పులు, సర్దుబాట్లు

కొత్త భవనంతో మొదలుపెట్టడం. ఉన్న థియేటర్ వారంలో ఎన్ని గంటలు వాడుతున్నారో ముందు చూపండి. రోజుకు మూడు గంటలే నడిచే థియేటర్ పక్కన రెండోది కట్టినా మారేదేం లేదు.

మరమ్మతు మర్చిపోవడం. యంత్రం అడిగితే దాని పక్కనే బాగుచేసే మనిషి, విడిభాగాలు, స్టెబిలైజర్ కూడా అడగండి. మా ఎండలకు స్ప్లిట్ ఏసీ ముందు పోతుంది. మే నెలలో ఏసీ లేని థియేటర్లో గౌను వేసుకుని నిలబడితే తెలుస్తుంది, అది విలాసం కాదని.

చెక్‌లిస్ట్ గోడకే ఉండిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్ట్ మత్తుకు ముందు, కోతకు ముందు, బయటికి తీసుకెళ్లే ముందు పైకి చదవాలి. చదివేది సర్జన్ కాకుండా సిస్టర్ అయితే నిలుస్తుంది. తెలుగులో అచ్చు వేయించండి. గుడ్డల లెక్క, రోగి పేరు, ఏ వైపు అన్నవి తెలుగులో గట్టిగా అడిగితే టేబుల్ మీద మెలకువగా ఉన్న రోగే "కుడి కాదమ్మా, ఎడమ" అని చెబుతుంది.

పంపిన రోగి ఏమయ్యాడో తెలియకపోవడం. రిఫర్ చేసిన ప్రతి ఒక్కరికీ, ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ 30వ రోజున ఒక ఫోన్. బతికున్నారా, కుట్లు మానాయా, మళ్లీ ఆసుపత్రికి వెళ్లారా. మూడు ప్రశ్నలే. నెలకు వంద ఫోన్లు ఒక్క మనిషికి రెండు పూటల పని.

మరణాలు దాచడం. సంఖ్య బయటపెడితే తిడతారన్న భయం ఉంటుంది. ఆపరేషన్ తర్వాతి మరణాల లెక్క శిక్ష కోసం కాదని కలెక్టర్ నోటితోనే మొదటి సమావేశంలో చెప్పించండి, మినిట్స్‌లో రాయించండి.

## 11. సమావేశానికి పట్టుకెళ్లే సంచి

- తొమ్మిది గళ్ల పట్టిక, ప్రతి ఆసుపత్రికీ ఒకటి
- రెండు గంటల మ్యాపు, రాత్రిది విడిగా
- రిఫరల్ కారణాల లెక్క, ఒక్క పేజీ
- రాత్రి పరీక్ష నిమిషాలు
- 20 ఇళ్ల ఖర్చుల పట్టిక, పేర్లు తీసేసి
- సున్నా ఖర్చు పనుల్లో అప్పటికే అయిపోయినవి, ఫొటోలతో

మాట్లాడటానికి ఐదు నిమిషాలే ఇస్తారు. రిఫరల్ కారణాల పేజీతో మొదలుపెట్టి, మ్యాపు చూపించి, మత్తు డాక్టర్ల సర్దుబాటు ఒక్కటే అడగండి. భవనం మాట వాళ్లే ఎత్తుతారు. అప్పుడు థియేటర్ వాడకం గంటలు చూపించండి. మూడు నెలల తర్వాత ఏ తారీఖున మళ్లీ ఇవే తొమ్మిది గళ్లు నింపి తెస్తారో మినిట్స్‌లో రాయించుకుని బయటికి రండి.